లేసు తెలిసి పోల్చండి!

ఆ మధ్య పెనుకొండలో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్ళాను. పుస్తకం ఒక చిన్న కథల సంపుటి. రాసినావిడ బడిలో టీచరు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. వేదిక మీద అయిదుగురం కూర్చున్నాం. మొదట మాట్లాడిన పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, "ఈ అమ్మాయి కథలు ఎలా వున్నాయంటే, ఇంటిపని అంతా అయ్యాక తీరిక వేళల్లో ఇల్లాలు అల్లుకున్న లేసులా వున్నాయి. ఎంత నాజూకు!" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ అమ్మాయి తల వంచుకుని నవ్వింది.

తరువాత ఆమెకు శాలువా కప్పారు. సభల్లో కప్పే శాలువా ఎలా వుంటుందో మీకు తెలుసు కదా! అంచు నుంచి అంచు దాకా ఒకటే తళతళ. ఆ తళతళ కింద ఆమె కట్టుకున్న నేతచీర మాయమైంది. ఆఖరికి చేతిలో వున్న పుస్తకం కూడా శాలువా మడతల్లోకి వెళ్ళిపోయింది. ఫోటోలో ముఖమూ శాలువా తప్ప ఇంకేమీ లేవు.

నా వంతు వచ్చింది. నేనేం చేశానో దాచుకోకుండా చెబుతాను. "సోదరి కలంలో సున్నితత్వం వుంది" అని రెండు ముక్కలు పొగిడి కూర్చున్నాను. ఆ సంపుటిలో చివరి రెండు కథలూ అప్పటికి నేను చదవనే లేదు.

రైలెక్కి హిందూపురం వస్తుంటే ఆ పెద్దమనిషి మీద కోపం వచ్చింది. మా రాతలను లేసుతో పోల్చినందుకు కాదు సుమండీ! లేసంటే ఏమిటో తెలియకుండా పోల్చినందుకు. ఆ కోపంలోనే సంచిలో చెయ్యి పెడితే తగిలింది - సగం అల్లిన నా లేసు శాలువా.

దాని కథ కొంచెం చెప్పాలి. మా అన్నయ్య కూతురు బెంగుళూరు నుంచి నాలుగు ఊలు ఉండలు తెచ్చి ఇచ్చింది. బూడిద రంగు సన్న ఊలు, దానితో పాటే కలిసి నడిచే ఒక వెంట్రుకంత దారం, ఆ దారానికి జానెడు జానెడు దూరంలో వెండి చమ్కీలు. "అత్తా, నీకు ఒక శాలువా అల్లుకో" అంది. హిందూపురంలో శాలువా ఎందుకని కోస్తా జిల్లాల చెల్లెళ్ళు నవ్వుకోవచ్చు. మా ఊరు సముద్రమట్టానికి రెండువేల అడుగుల ఎత్తున వుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున పాలప్యాకెట్టు కోసం తలుపు తీసి చూడండి, తెలుస్తుంది.

నేను ఎంచుకున్న మాదిరి స్కాట్లండుకు ఉత్తరాన వున్న షెట్లాండ్ దీవులది. "ఓల్డ్ షేల్" అంటారు. అల వెనక్కి పోయాక ఇసుకలో మిగిలే వంకీలలాగా వుంటుంది. చూడడానికి మహా జటిలం, అల్లడానికి లెక్క ఒక్కటే. పద్దెనిమిది కుట్లు ఒక జట్టు. దారాన్ని సూది మీదుగా ఒకసారి తిప్పితే ఒక కన్ను పడుతుంది, కుట్టు ఒకటి పెరుగుతుంది. రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లితే కుట్టు ఒకటి తగ్గుతుంది. జట్టుకు ఆరు కళ్ళు, ఆరు కలపడాలు. పెరిగినన్ని తగ్గాలి. ఆరు కళ్ళు వేసి అయిదే కలిపామా, శాలువా ఒక పక్కకు పోతుంది. ఆరు కలిపి కన్ను ఒకటి మరిచామా, వరుస ముడుచుకుపోతుంది.

బట్ట చిరిగితే పడేది చిల్లు. అల్లితే వచ్చేది కన్ను. రెండింటిలోనూ వున్నది ఖాళీయే అయినా, రెండవదాన్ని ఒకరు లెక్కపెట్టి, పక్కన రెండు కుట్లు కలిపి, నిలబెట్టారు. లేసు అంటే ఇదీ.

ఇంకొక సంగతి. ఈ మాదిరిలో నాలుగు వరుసలకు ఒక్క వరుసలోనే కళ్ళు పడతాయి. మిగిలిన మూడూ సాదా వరుసలే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ మూడు వరుసలూ ఎప్పుడైపోతాయా అని తొందరపడతారు. ఆ మూడు వరుసల సాదాతనం మీదే నాలుగవ వరుస అందం నిలబడిందని తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

మరి చమ్కీల సంగతి? మొదటి సాయంత్రం దీపం కింద పెట్టి చూసి మురిసిపోయాను. మూడవ రోజుకు కష్టాలు మొదలయ్యాయి. రెండు కుట్లు కలిపేచోట చమ్కీ వస్తే సూది కదలదు. గోటితో పక్కకు నెట్టాలి. నెడితే వెనక్కి తిరిగి కూర్చుంటుంది. ఖాళీ పడాల్సిన కన్నులోకి వస్తే, అక్కడ పీట వేసుకుని కూర్చుంటుంది, కన్ను మూసుకుపోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు తప్పు చేసినప్పుడు. మామూలు ఊలైతే లాగితే వరుసలు వరుసలే జారి వస్తాయి. ఇక్కడ ప్రతి చమ్కీ ఒక ముడిలా పట్టుకుంటుంది. పైగా తప్పు కనబడదు! నలభయ్యో వరుసలో నా లెక్కకు తొంభయ్యారు కుట్లు వుండాలి, తొంభయ్యయిదే వున్నాయి. ఎక్కడ జారిందో వెతుకుతుంటే ఎటు చూసినా మెరుపే. ఒక్కొక్క చమ్కీ, "ఇక్కడేం లేదు, అంతా బాగుంది" అన్నట్టు కన్ను గీటుతోంది.

రైల్లో దాన్ని వొళ్ళో పెట్టుకుని కూర్చుంటే నా మొదటి నవల గుర్తొచ్చింది. అది అచ్చయిన రోజుల్లో ఒక పాఠకురాలు పోస్టుకార్డు రాసింది. "మీ నవలలో ప్రతి పేజీ మెరుస్తుందండీ. కానీ ఆ పిల్ల పెళ్ళిపందిట్లోంచి ఎందుకు లేచి వెళ్ళిందో నాకు కనబడలేదు." అప్పుడు ఆమెకు అర్థం కాలేదనుకున్నాను. నిజానికి ఎందుకు లేచి వెళ్ళిందో నాకే సరిగా తెలియదు. తెలియనిచోట నాలుగు ఉపమానాలు పరిచాను. చమ్కీలు!

పది రోజుల తరువాత మేనకోడలి పెళ్ళిచీరల కోసం ధర్మవరం వెళ్ళాం. మాకు తెలిసిన మగ్గం ఇల్లొకటి వుంది. గుంట మగ్గంలో కొడుకు, పక్కన కండెలు చుడుతూ కోడలు, గడప దగ్గర డెబ్బయి దాటిన అవ్వ. ధర్మవరం చేనేత పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు వుంది, మీకు తెలుసు. పెద్ద అంచు, నిండు కొంగు, వాటి మీద జరీ ఆ ఊరి పేరు. అసలు జరీ అంటే వెండి తీగను పట్టుదారం చుట్టూ చుట్టి బంగారు పూత పెట్టినది. దానికి సూరతు పేరుపొందిన ఊరు. ఇప్పుడు రాగి తీగ జరీలు, ప్లాస్టిక్ పొర జరీలు కూడా వచ్చాయి. అంగట్లో మెరుపు చూసి ఏది ఏదో చెప్పడం నాకు చేతకాదు.

పెళ్ళికూతురు ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. ఒళ్ళంతా జరీ, పట్టు కనబడని చీర. కొడుకు ఏమీ అనలేదు. బేరం కదా! అవ్వ నా సంచిలోంచి తొంగి చూస్తున్న శాలువా లాగి చూసి పెద్దగా నవ్వింది.

"ఏందమ్మా ఇది, సాలెగూడు మాదిరుండాదే!"

"లేసు శాలువా అవ్వా. నేనే అల్లుతున్నా. ఎట్లుంది?"

అవ్వ దాన్ని వెలుతురుకు పట్టింది. తిప్పి వెనకవైపు చూసింది. చీర కొనడానికి వచ్చినవాళ్ళు ముందు చూస్తారు. నేసినవాళ్ళు వెనక చూస్తారు.

"సేతిపని బాగుండాది. అయితే మెరుపు ఒళ్ళంతా పెడితివి. ఇంగ అంచు యాడుండాదో ఎట్ల తెలుస్తాదమ్మా?" అని నా చేతికిచ్చేసింది. తరువాత మేనకోడలి వైపు చూసి, "నీకూ అదే మాట పాపా! ఒళ్ళు సాదాగా వుంటేనే కొంగుకు విలువ" అంది.

నేను చాలా విమర్శలు చదివాను, కొన్ని రాశాను కూడా. అంచు ఎక్కడుందో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న వాటిలో ఎవరూ అడగగా వినలేదు. ఇంటికొచ్చి ఆ కథల సంపుటి తీసి, చదవనివి చదివి, చదివినవి మళ్ళీ చదివాను.

అందులో ఒక కథ పట్టుగూళ్ళ మీద. హిందూపురం చుట్టుపక్కల మల్బరీ తోటలున్న ఊళ్ళన్నిటికీ మా ఊరి గూళ్ళ మార్కెట్టే దిక్కు. పురుగులు గూడు కట్టబోయే ముందు వారంలో రాత్రీ పగలూ ఆకు మేస్తాయి. ఆ వారం ఇంట్లో ఆడవాళ్ళకు నిద్ర వుండదు. కథలో తల్లి అలా మేల్కొని ఆకు వేస్తూ, ఆ డబ్బుతో ఏమేం చేయాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంది - మనవరాలికి కాళ్ళగజ్జెలు, తనకు కంటి పరీక్ష. మార్కెట్టుకు కొడుకుతో వెళుతుంది. వేలం అవుతుంది. ఆ తరువాతి పేరాలో ఇద్దరూ తిరుగు బస్సులో వున్నారు. తల్లి ఖాళీ గోతం నాలుగు మడతలు పెట్టి వొళ్ళో పెట్టుకుంది. కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అంతే, కథ అయిపోయింది.

డబ్బు ఏమైందో, ఇద్దరి మధ్యా ఏ మాట నడిచిందో రచయిత్రి చెప్పదు. చెప్పకపోయినా మనకు తెలుస్తుంది. ఎలా తెలుస్తుంది? ముందు ఆ వేళ్ళ లెక్క వుంది కనుక. అక్కడ రెండు కుట్లు కలిపింది కనుక ఇక్కడ కన్ను నిలబడింది. ఇది లేసు! ఆ పెద్దమనిషి ఈ కథ చదివి లేసు అని వుంటే నేనూ లేచి చప్పట్లు కొట్టేదాన్ని.

ఇంకొక కథ ధర్మవరం నేతవారి అమ్మాయిది. తను కండెలు చుట్టిన చీరను ఏడాది తరువాత ఒక పెళ్ళిలో ఇంకొక పిల్ల ఒంటి మీద చూస్తుంది. గుర్తుపడుతుంది. ఎంత మంచి ఘట్టం! అక్కడ ఆగితే ఎంత బాగుండేది! ఆగలేదు. అమ్మాయి కన్నీళ్ళు ముత్యాలయ్యాయి, తరువాత జరీపోగులయ్యాయి, ఆఖరికి చిత్రావతి వరదయ్యాయి. అసలు ఆ పిల్లకు కలిగింది అసూయా, గర్వమా, తన పనిని చూసుకున్న సంతోషమా? ఆ కన్నులో చమ్కీ కూర్చుంది. నాకు ఏమీ కనబడలేదు. మూడవదీ అయిదవదీ కూడా ఇలాగే కొంత చెడ్డాయి. మొత్తం తొమ్మిదింటిలో నాలుగు కథలు నిలబడతాయి. మొదటి సంపుటికి నాలుగు నిలబడడం చిన్న విషయం కాదు.

ఖాళీ అంటే అన్ని ఖాళీలూ గొప్పవని కూడా అనడం లేదు. మా ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి వుంది. పదహారవ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం. అక్కడ రెండు ఖాళీలున్నాయి. కల్యాణ మండపానికి కప్పు లేదు. పని మధ్యలో ఆగిపోయింది. దాని వెనక విషాదగాథ చెబుతారు, విని బాధపడతాం, కానీ అది పూర్తికాని పని. రెండవ ఖాళీ వేలాడే స్తంభం కింద. అన్ని స్తంభాలుండగా వచ్చినవాళ్ళందరూ ఆ ఒక్కదాని దగ్గరే గుమిగూడతారు. కండువా, పైటచెంగు, ఏది వుంటే అది ఆ సందులోంచి ఇటునుంచి అటు లాగి మురిసిపోతారు. ఆ స్తంభం ఒక మూల మాత్రం నేలను ఆనుకునే వుంటుంది. అది ఆని వుంది కనుకే మిగతా సందు చూడముచ్చటగా వుంది. కథలో రచయిత తోచక వదిలేసిన చోటు కల్యాణ మండపం. ఒక మూల ఆనించి వదిలిన చోటు ఆ స్తంభం. విమర్శకుడి పని ఈ రెండింటికీ తేడా చెప్పడం.

తల ఎత్తి నాట్య మండపం కప్పు మీద చిత్రాలు చూడండి. ఆడవాళ్ళ చీరల మీద గళ్ళు, చారలు, తీగలు, ఎన్ని రకాలో! అన్నీ మట్టిరంగులూ గీతలే. నేటికీ చీరల అంచులకు "లేపాక్షి డిజైను" అని పేరు పెట్టి అమ్ముతున్నామంటే ఆ గీత బలం వల్లనే.

ఇక ఆ పెద్దమనిషి అన్న రెండవ మాట - "తీరిక వేళల్లో." లేసు కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ గుచ్చింది.

పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు గురించి మీరు వినే వుంటారు. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన పని. మనం రెండు సూదులతో అల్లినట్టు కాక, ఒక్క కొక్కెం సూదితో అల్లే క్రోషా లేసు. మరియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త అక్కడికి వచ్చి, ఆ స్త్రీలను చూసి, "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం రాసింది. 1982లో వెలువడింది. ఆమె చెప్పిన ముఖ్య విషయం ఒకటే. ఆ లేసు దేశదేశాలకు ఎగుమతి అవుతుంది, వ్యాపారులకు లాభాలు వస్తాయి. అల్లే స్త్రీ మాత్రం "ఇల్లాలు", ఆమె పని "తీరిక వేళ పని". ఇంటి చాకిరీ చేస్తూనే రోజుకు గంటల తరబడి అల్లినా ఆమెను పనిమనిషిగా కాదు గదా, పనిచేసే మనిషిగా కూడా లెక్కించలేదు. తీరిక అన్న ఒక్క మాటతో కూలి తగ్గిపోయింది.

షెట్లాండులోనూ ఇదే కథ. ఉంగరంలోంచి దూరేంత సన్నని శాలువాలు అల్లిన ఆ దీవుల స్త్రీలకు వర్తకులు డబ్బివ్వకుండా టీపొడీ గుడ్డలూ లాంటి సరుకులిచ్చి సరిపెట్టేవారు. 1872లో ప్రభుత్వ కమిషన్ విచారణకు వస్తే, ఆ స్త్రీలే ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు.

ఇప్పుడు మన సభకు రండి. మగవాడు నవల రాస్తే "కృషి", ఆడది రాస్తే "తీరిక". ఆ టీచరమ్మ ఎప్పుడు రాస్తుందో నేను అడిగాను. తెల్లవారి నాలుగింటికి లేచి, పిల్లలు లేచేలోగా. దాన్ని తీరిక అంటారా? నిద్రలోంచి కోసుకున్న వేళ అది. తీరిక వేళ పని అనుకున్నప్పుడు ఎవరూ గట్టిగా విమర్శించరు కూడా. "ఏదో సరదాగా రాసుకుంది పాపం" అని శాలువా కప్పి పంపిస్తారు. చదవకుండా పొగడడం కూలి ఎగ్గొట్టడం లాంటిదే. ఆ రోజు వేదిక మీద నేనూ ఎగ్గొట్టాను. అందుకే ఈ వ్యాసం.

ఇది పత్రికకు పంపే ముందు ఆమెకే ఉత్తరం రాశాను - ఏ నాలుగు కథలు నిలబడ్డాయో, ఏవి ఎక్కడ చెడ్డాయో. నొచ్చుకుంటుందని భయపడ్డాను. వారానికి ఫోను చేసింది. "అక్కా, ఆ శాలువా మా అత్తగారు బీరువాలో పెట్టారు. మీ ఉత్తరం నేను బల్ల మీద పెట్టుకున్నాను" అంది. చీర కథ చివర తిరిగి రాస్తోందట. అది అయ్యేదాకా పేరు బయటపెట్టవద్దంది. అందుకే పుస్తకం పేరు చెప్పలేదు, క్షమించండి.

నా శాలువా ఏమైందంటారా? విప్పడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. గోళ్ళు అరిగాయి, కొన్ని చమ్కీలు విరిగాయి. అదే రంగు సాదా ఊలు తెప్పించి ఒళ్ళంతా కొత్తగా అల్లాను. తొంభయ్యారు కుట్లూ తొంభయ్యారుగానే వున్నాయి. నీళ్ళలో తడిపి, తువ్వాలులో అదిమి, పరుపు మీద గుండుసూదులతో సాగదీసి ఆరబెడితే కళ్ళన్నీ విచ్చుకున్నాయి. చమ్కీల దారం చివరి నాలుగు వరుసల్లో మాత్రం వేశాను.

మళ్ళీ ధర్మవరం వెళ్ళినప్పుడు అవ్వకు చూపించాను. ముందు వెనక్కి తిప్పి చూసింది. తరువాత వెలుతురుకు పట్టింది.

"ఇప్పుడు అంచుండాది" అంది.